బరంపురం కెమికల్ కొట్టు: ఎంజైము నకళ్ళు చేసేవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది?

బరంపురంలో ల్యాబ్ సామాను అమ్మే ఒక కొట్టు గురించి ఇది. పేరు రాయడం లేదు, మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, తప్పుపట్టవలసినవీ ఉన్నాయి కాబట్టి. బోర్డు ఒడియాలో ఉంటుంది, బేరం తెలుగులో నడుస్తుంది, బిల్లు ఇంగ్లీషులో వస్తుంది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల కాలేజీలు కొన్నిటికి, ఇటు ఇచ్ఛాపురం వైపు వాళ్ళకి కూడా సరుకు ఇక్కణ్ణుంచే వెళ్తుంది. పెద్ద సంస్థలు కంపెనీ నుంచే తెప్పించుకుంటాయి. ఈ కొట్టు బతికేది వంద గ్రాములు, రెండొందల మిల్లీలీటర్లు కావలసిన చిన్న ల్యాబుల మీద.

టైట్రేషన్లకి ఆమ్లం, క్షారం కొనుక్కునేవాళ్ళకి ఏ కొట్టయినా ఒకటే. ఈ రాత వాళ్ళ కోసం కాదు. రాగి, మాంగనీస్ లాంటి లోహాలతో కాంప్లెక్సులు చేసి, అవి ఎంజైములా పని చేస్తాయో లేదో కొలిచి చూసే ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లల కోసం, వాళ్ళకి సామాను రాసిచ్చే మాస్టార్ల కోసం. ముందే తేల్చి చెప్పేస్తే: కాంప్లెక్సు తయారీకి కావలసినవి చాలామటుకు సీసా చూసుకుని ఇక్కడ కొనుక్కోవచ్చు. దాని వేగం కొలవడానికి కావలసినవి మాత్రం ఇక్కడ విడిగా పోయించుకోకండి. ఈ రెండింటికీ తేడా తెలియకే సగం ప్రాజెక్టుల్లో అంకెలు తప్పుతున్నాయి.

తేడా ఎందుకో తెలియాలంటే నకలు దేనికో చూడాలి. వంకాయ కోసి నీళ్ళలో వేయకపోతే నల్లబడుతుంది, చిలగడదుంప కోసినచోట గోధుమరంగు తిరుగుతుంది. ఆ పని చేసేవాటిలో ఒకటి కాటికాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. దాని నడిమధ్య రెండు రాగి పరమాణువులు పక్కపక్కన కూర్చుని ఉంటాయి. చిలగడదుంప నుంచి తీసిన ఆ ఎంజైము స్ఫటిక నిర్మాణాన్ని జర్మనీలో బెర్న్ట్ క్రెబ్స్ బృందం 1998లో ప్రచురించింది. ఆక్సీకరణ స్థితిలో రెండు రాగిల మధ్య దూరం 2.9 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎలక్ట్రాన్లు తీసుకున్నాక 4.4. కాటికాల్ అనే ఫినాల్ జాతి పదార్థం వచ్చి ఆ రాగిల మీద కూర్చుంటుంది, రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చి క్వినోన్ అనే రంగు పదార్థమై లేచిపోతుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి రాగిని మళ్ళీ యథాస్థితికి తెస్తుంది. చిలగడదుంప ఎంజైము ఈ చక్రాన్ని సెకనుకి సుమారు 2,300 సార్లు తిప్పుతుంది. మనం గాజు కుప్పెలో చేసే కాంప్లెక్సు గంటకి పదో, వందో, వెయ్యో సార్లు తిప్పితే గొప్ప. అంత నెమ్మదైన దాన్ని కొలుస్తున్నప్పుడు మిథనాల్లో పడిన కాస్త ఇనుము, క్యూవెట్‌కి (కొలిచే ద్రావణం పోసే చిన్న డబ్బాకి) అంటిన కాస్త సబ్బు కూడా దానితో సమానంగా పని చేసి చూపిస్తాయి. అసలు చిక్కు ఇదే.

సరుకు సంగతికొద్దాం. లోహాన్ని చుట్టి పట్టుకునే పదార్థాన్ని లిగాండ్ అంటారు. అది చేయడానికి మొదట కావలసింది సాలిసిలాల్డిహైడ్. ఈ కొట్టులో ఎల్ఆర్ (మామూలు ల్యాబు) గ్రేడు అరలీటరు సీసా ఎప్పుడూ ఉంటుంది. అడిగితే వంద మిల్లీలీటర్లు విడిగా పోసి గోధుమరంగు సీసాలో ఇస్తారు. చిన్న కాలేజీకి అది పెద్ద సాయం. కానీ ఆ చిన్న సీసా మీద చేత్తో రాసిన పేరు తప్ప లాట్ నంబరు ఉండదు, పెద్ద సీసా మూత ఎప్పుడు తీశారో ఉండదు. లేత పసుపు రంగులో ఉంటే తీసుకోవచ్చు. టీ డికాషన్ రంగుకి వచ్చిందంటే గాలికి పాడైందని అర్థం. పాడైతే సాలిసిలిక్ ఆమ్లం పుడుతుంది, అది లిగాండ్‌కి రెండో భాగమైన అమీన్‌తో కలిసి లవణం కట్టి దిగుబడి తినేస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసి పరీక్ష చేద్దామనుకోకండి, ఆల్డిహైడ్‌కీ ఆమ్లానికీ రెండింటికీ ఊదారంగే వస్తుంది. సోడియం బైకార్బనేట్ ద్రావణంలో నాలుగు చుక్కలు వేసి చూడండి, బుడగలొస్తే ఆమ్లం ఉన్నట్టే. కొట్టాయన ఈ విషయంలో నిజాయితీపరుడు, అడిగితే దాచడు. "మాస్టారూ, ఇది పోయినేడాది సీసా. కొత్తది వచ్చేవారం వస్తాది, ఆగుతారా?" అంటాడు. ఆగడమే మంచిది.

ఇథిలీన్‌డయమీన్ కూడా ఉంటుంది. మూత తీస్తే పొగలొస్తాయి. సీసా మూతి చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కార్బమేట్ అయిందన్నమాట. పొర గీకి పారేసి కింది ద్రవం వాడుకోవచ్చు గాని, మూడొంతులు ఖాళీ అయిన సీసా అయితే వద్దు.

ఈ రెండింటితో చేసే సాలెన్ లిగాండ్, సరుకు మంచిదో కాదో చెప్పే పరీక్ష కూడా. సాలిసిలాల్డిహైడ్ 2.44 గ్రాములు, అంటే 2.1 మి.లీ., 25 మి.లీ. వేడి ఇథనాల్లో వేసి, ఇథిలీన్‌డయమీన్ 0.60 గ్రాములు, అంటే 0.67 మి.లీ., మరో 5 మి.లీ. ఇథనాల్లో కలిపి చుక్కచుక్కగా వదలాలి. చూస్తుండగానే నిమ్మపండు రంగు రేకులు కట్టేస్తాయి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ముద్ద కడుతుంది, లోపల అమీన్ ఇరుక్కుపోతుంది. మంచులో పెట్టి, వడకట్టి, చల్లటి ఇథనాల్‌తో రెండుసార్లు కడిగి ఆరబెడితే లెక్క ప్రకారం 2.68 గ్రాములు రావాలి, రెండున్నర దాకా వస్తే సరుకు మంచిదే. ద్రవీభవన స్థానం 125 నుంచి 128 డిగ్రీల మధ్య స్పష్టంగా ఉండాలి. 118 దగ్గర మెత్తబడటం మొదలైతే మళ్ళీ ఇథనాల్లో స్ఫటికీకరించక తప్పదు. హ్యూగో షిఫ్ అనే రసాయన శాస్త్రవేత్త 1864లో చెప్పిన చర్య ఇది, ఇంతకంటే సులువైన లిగాండ్ లేదు. ఇది కూడా సరిగ్గా రాలేదంటే తప్పు సీసాలో ఉందో, తూకంలో ఉందో వెతుక్కోవాలి. అబ్సల్యూట్ ఆల్కహాలుకి ఎక్సైజు పర్మిట్ కావాలి, అది లేకుండా ఈ కొట్టులో ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పర్మిట్ లేని కాలేజీలు మిథనాల్లో చేసుకోవచ్చు, రేకులు కాస్త సన్నగా వస్తాయి, అంతే.

ఒక హెచ్చరిక. సాలెన్‌తో రాగి కాంప్లెక్సు చేసి దానికే కాటికోలేజ్ యాక్టివిటీ (కాటికాల్‌ని ఆక్సీకరించే చురుకు) చూద్దామని చాలామంది దిగుతారు. పని చేయదు, చేసినా మందకొడిగా చేస్తుంది. రాగి చుట్టూ నాలుగు చోట్లూ లిగాండే ఆక్రమించేసుకుంటే కాటికాల్ ఎక్కడ కూర్చుంటుంది? మూడు చోట్లు పట్టుకుని ఒకటి వదిలే లిగాండ్ కావాలి. ఇథిలీన్‌డయమీన్ బదులు ఎన్,ఎన్-డైమిథైల్ ఇథిలీన్‌డయమీన్ తీసుకోండి. సాలిసిలాల్డిహైడ్ 1.22 గ్రాములు, ఈ అమీన్ 0.88 గ్రాములు, 25 మి.లీ. మిథనాల్లో గంటసేపు రిఫ్లక్స్ చేస్తే (ఆవిరి చల్లారి మళ్ళీ కిందికే దిగేలా మరిగిస్తే) నారింజ పసుపు ద్రావణం వస్తుంది. లిగాండ్ నూనెలా ఉంటుంది, బయటికి తీయాలని తంటాలు పడొద్దు. అందులోనే 30 మి.లీ. గోరువెచ్చటి మిథనాల్లో కరిగించిన కాపర్ ఎసిటేట్ మోనోహైడ్రేట్ 2.00 గ్రాములు పోసి రెండు గంటలు కలియబెట్టాలి. లిగాండ్ వదిలే ప్రోటాన్‌ని ఎసిటేటే తీసుకుంటుంది కాబట్టి వేరే క్షారం అక్కర్లేదు. ముదురాకుపచ్చ ద్రావణం వడకట్టి, బీకరు మీద చిల్లులు పొడిచిన పేపరు కప్పి వదిలేస్తే నాలుగైదు రోజుల్లో స్ఫటికాలు దిగుతాయి. ఈ అమీన్ కొట్టులో నిల్వ ఉండదు, ముందు చెబితే తెప్పిస్తారు. రెండు రాగిలు పక్కపక్కన కావాలంటే 2,6-డైఫార్మిల్-4-మిథైల్‌ఫినాల్ ఉండాలి. దాన్ని ఇక్కడ అడిగి లాభం లేదు. పారాక్రెసాల్, ఫార్మలిన్, సోడియం హైడ్రాక్సైడ్ కొనుక్కుని మొదట డైఆల్కహాలు చేసుకుని, దాన్ని మాంగనీస్ డయాక్సైడ్‌తో ఆక్సీకరించుకోవాలి. ఆ మూడూ మాత్రం కొట్టులో దండిగా ఉంటాయి.

లోహ లవణాల్లో ఈ కొట్టు నిజంగా బాగుంది. కాపర్ ఎసిటేట్ మోనోహైడ్రేట్ సీల్ తీయని వంద గ్రాముల డబ్బాల్లో వస్తుంది. ముదురు నీలపచ్చ పలుకుల్లా ఉండాలి. చిటికెడు తీసి 10 మి.లీ. వెచ్చటి మిథనాల్లో వేస్తే తేటగా కరగాలి, మసకబారితే బేసిక్ ఎసిటేట్ చేరినట్టు. కాపర్ నైట్రేట్ మాత్రం ఈ ఊళ్ళో కొనవద్దు. గోపాలపూర్ సముద్రం ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరం. వానాకాలంలో నైట్రేట్ సీసా మూత రెండుసార్లు తీస్తే మూడోసారికి అడుగున నీలం పానకం కనిపిస్తుంది. దాన్ని తూచి పోస్తే సగం తూకం నీళ్ళదే, లిగాండ్ ఎక్కువై రాగి తక్కువై మిశ్రమం మిగులుతుంది. ల్యాబులో ఉన్నదే వాడక తప్పకపోతే అయొడోమెట్రీలో రాగి లెక్క తేల్చుకోండి. 0.1 మోలార్ థయోసల్ఫేట్ ఒక మి.లీ.కి 6.355 మిల్లీగ్రాముల రాగి.

పెర్‌క్లోరేట్ అడిగినవాళ్ళని ఈయన వట్టి చేతులతో పంపేస్తాడు. "దాని మాట ఎత్తకండి మాస్టారూ, నేను తేను" అంటాడు. పుస్తకాల్లో కనబడే కాంప్లెక్సుల్లో చాలావాటికి పెర్‌క్లోరేటే వాడారు, స్ఫటికాలు బాగా వస్తాయని. కానీ ఆర్గానిక్ లిగాండ్లతో కలిసిన లోహ పెర్‌క్లోరేట్లు వేడి చేసినా, స్పాచులాతో గీకినా పేలే ప్రమాదం ఉంది. బ్లాస్ట్ షీల్డ్ లేని, ఫ్యూమ్ హుడ్ ఫ్యాను తిరగని కాలేజీ ల్యాబుకి అది అమ్మకపోవడమే మంచి వ్యాపారం. ఎసిటేట్, క్లోరైడ్‌లతో పని జరిగిపోతుంది.

మాంగనీస్ అంటే రాయగడ వాళ్ళకి గనులు గుర్తొస్తాయి, విజయనగరం వాళ్ళకి గరివిడి ఫ్యాక్టరీ. ల్యాబుకి కావలసింది మాంగనీస్ ఎసిటేట్ టెట్రాహైడ్రేట్, లేత గులాబీ రంగులో. మధ్యలో గోధుమ చుక్కలుంటే మూడో ఆక్సీకరణ స్థితికి పోయిందన్నమాట. సాలెన్ కాంప్లెక్సుకి ఎలాగూ మూడో స్థితికే తీసుకెళ్తాం గనక కొద్దిగా ఉంటే నష్టం లేదు, తూకం మాత్రం నమ్మలేం. సాలెన్ 2.68 గ్రాములు, ఈ ఎసిటేట్ 2.45 గ్రాములు ఇథనాల్లో రెండు గంటలు రిఫ్లక్స్ చేస్తూ, అక్వేరియం పంపుతో గాలి ఊదుతూ ఉంటే పసుపు పోయి ముదురు గోధుమరంగు వస్తుంది. తర్వాత లిథియం క్లోరైడ్ 1.27 గ్రాములు. ఇక్కడ దొరికే లిథియం క్లోరైడ్ ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. దాని బదులు సంతృప్త ఉప్పు ద్రావణం కొద్దిగా పోసినా క్లోరైడ్ కాంప్లెక్సు దిగుతుంది. గాలి చాల్లేదంటే పొడి లేతగా వస్తుంది, మళ్ళీ ఊదాలి.

ఈ మాంగనీస్ కాంప్లెక్సు కాటలేజ్ అనే ఎంజైముకి నకలు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. మాంగనీస్ కాంప్లెక్సుని ల్యాబు దాటించి బజారుకి తెచ్చిన కథ ఒకటుంది. 1994లో యూనిలీవర్ పెర్సిల్ పవర్ అనే బట్టల పొడిలో ట్రైఅజాసైక్లోనోనేన్ లిగాండ్‌తో చేసిన మాంగనీస్ కాంప్లెక్సు వేసింది. చన్నీళ్ళలోనే పెరాక్సైడ్ మరకల్ని కొరికేలా చేస్తుందని. మరకల్నీ కొరికింది, బట్టల్నీ రంగుల్నీ కొరికింది. ఆ పొడిని వెనక్కి తీసుకోక తప్పలేదు. బట్టల మీద ఓడిన ఆ కాంప్లెక్సే తర్వాత గిన్నెలు కడిగే మెషీన్ల బిళ్ళల్లో కుదురుకుంది. పింగాణీకి రంగు పోతుందన్న బెంగ లేదు కదా.

పెరాక్సైడ్ దగ్గర ఈ కొట్టు మీద మొదటి గట్టి ఫిర్యాదు. 30 శాతం అని రాసిన సీసా ఎండ పడే అరలో పెడతారు. లోపల ఎంత మిగిలిందో సీసాకే తెలియదు. కొనగానే టైట్రేట్ చేయండి. ఒక మి.లీ. తీసి వంద మి.లీ.కి పలచన చేసి, అందులో 10 మి.లీ.కి సజల గంధకామ్లం కలిపి 0.02 మోలార్ పర్మాంగనేట్‌తో చూస్తే, నిజంగా 30 శాతమైతే 19.6 మి.లీ. పట్టాలి. 14 మి.లీ.కే గులాబీ నిలిచిపోతే మీ చేతిలో ఉన్నది సుమారు 22 శాతం సరుకు. మందుల షాపులో దొరికే పలచటి పెరాక్సైడ్‌లో నిలవ ఉండటానికి వేరే పదార్థాలు కలుపుతారు, కైనటిక్స్‌కి (వేగం కొలతకి) అది వద్దు.

కంటికి కనబడే పరీక్షకి ఇంత చాలు: మాంగనీస్ కాంప్లెక్సు 10 మిల్లీగ్రాములు 5 మి.లీ. మిథనాల్-నీళ్ళ మిశ్రమంలో, ఇమిడజోల్ 20 మిల్లీగ్రాములు, పైన 3 శాతం పెరాక్సైడ్ ఒక మి.లీ. ఇమిడజోల్ మరవద్దు, అది లోహానికి వెనక నుంచి పట్టుకుంటేనే చర్య జోరందుకుంటుంది. వచ్చిన ఆక్సిజన్‌ని గ్యాస్ బ్యూరెట్‌లో పట్టండి. ఒక మి.లీ.కి లెక్క ప్రకారం ప్రమాణ స్థితిలో 10 మి.లీ. కంటే రవ్వంత తక్కువ రావాలి. బరంపురం వేసవిలో ల్యాబు 30 డిగ్రీలుంటే వాయువు వ్యాకోచిస్తుంది, నీటి ఆవిరి కూడా 32 మిల్లీమీటర్ల పీడనం కలుపుతుంది. చదివిన అంకెని 0.863తో గుణిస్తేనే అసలు లెక్క. ఈ సవరణ చేయక "116 శాతం యాక్టివిటీ" అని రికార్డులో రాసుకున్న అంకెలు నవ్వు తెప్పిస్తాయి. గ్యాస్ బ్యూరెట్ ఈ కొట్టులో బోరోసిల్ గాజుదే దొరుకుతుంది. స్టాప్‌కాక్ తిప్పి చూసి, గ్రీజు రాసి, నీళ్ళు పోసి పది నిమిషాలు నిలబెట్టి మరీ తీసుకోండి. ఆయనేమీ అనుకోడు.

అసలు దెబ్బతినేది కాటికోలేజ్ కొలతలో. సబ్‌స్ట్రేట్, అంటే కాంప్లెక్సు పని చేయవలసిన పదార్థం, 3,5-డైటెర్షియరీ బ్యుటైల్ కాటికాల్, ల్యాబు భాషలో డీటీబీసీ. ఇది తెల్లగా ఉండాలి, 96 నుంచి 99 డిగ్రీల మధ్య కరగాలి. ఈ కొట్టులో ఆర్డరిస్తే కంపెనీ సీసా తెప్పిస్తారు, అది మంచిదే. కానీ ఒక కాలేజీ వాళ్ళు తీసుకోకుండా వదిలేసిన సీసాలోంచి రెండేసి గ్రాములు పొట్లం కట్టి ఇవ్వడం కూడా ఉంది. ఆ పొట్లం వద్దు. గోధుమ గులాబీ రంగు తిరిగితే లోపల అప్పటికే క్వినోన్ ఉంది, మీరు కొలవబోయేదే ముందుగా చేరి కూర్చుంది. వేడి హెక్సేన్‌లో కరిగించి చల్లార్చి స్ఫటికీకరిస్తే దారికొస్తుంది, గ్రాముకి కొంత పోతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, చర్మానికి పడదు.

మిథనాల్ సంగతీ అంతే. రెండున్నర లీటర్ల గాజు సీసా, సీల్ ఉన్నది, ఏఆర్ లేదా హెచ్‌పీఎల్‌సీ గ్రేడు, అంటే బాగా శుద్ధమైనది, కొనండి. కొట్టులో ఇనుప డబ్బాలోంచి పంపు పెట్టి పోసే మిథనాల్ రిఫ్లక్స్‌కి పనికొస్తుంది, కైనటిక్స్‌కి పనికిరాదు. ఏ మిథనాల్ అయినా సరే, వాడే ముందు 0.01 మోలార్ డీటీబీసీ ఒక్కటే అందులో కలిపి 400 నానోమీటర్ల దగ్గర గంటసేపు చూడండి. శోషణ 0.02 దాటి పెరిగితే ఆ సీసా పక్కన పెట్టేయండి. డిస్టిల్డ్ వాటర్ అని అమ్మే బ్యాటరీ నీళ్ళు, రాగి గొట్టాల స్టిల్‌లోంచి వచ్చే నీళ్ళు గాజు సామాను చివరి కడుగుడుకి వాడొద్దు. రాగి నకలు చేస్తూ రాగి గొట్టం నీళ్ళు వాడితే ఏం కొలుస్తున్నామో మనకే తెలియదు.

కొలత ఇలా. డీటీబీసీ 55.6 మిల్లీగ్రాములు 25 మి.లీ. మిథనాల్లో కలిపితే 0.01 మోలార్. కాంప్లెక్సు స్టాక్ 3 మిల్లీమోలార్ ఉండాలి. పైన చెప్పిన రాగి కాంప్లెక్సుకి అణుభారం సుమారు 314, అంటే 10 మి.లీ.కి 9.4 మిల్లీగ్రాములు. ఈ కొట్టులో అమ్మే తక్కెడ మిల్లీగ్రాము దాకానే చూపిస్తుంది, 9.4 దగ్గర ఒక మిల్లీగ్రాము తప్పంటే పది శాతం పైనే. 94 మిల్లీగ్రాములు తూచి 100 మి.లీ. చేసుకోండి, తప్పు ఒక శాతానికి దిగుతుంది. క్యూవెట్‌లో 2.9 మి.లీ. డీటీబీసీ ద్రావణం, పైన 0.1 మి.లీ. స్టాక్. మూత పెట్టి రెండుసార్లు తిరగేసి వెంటనే 400 నానోమీటర్ల దగ్గర అర నిమిషానికోసారి పది నిమిషాలు రాసుకోండి. క్వినోన్‌కి మోలార్ శోషణ గుణకం మిథనాల్లో సుమారు 1,900. నిమిషానికి శోషణ 0.05 పెరిగితే, క్వినోన్ నిమిషానికి 0.0000263 మోలార్. గంటకి లెక్కగట్టి 0.0001 మోలార్ కాంప్లెక్సుతో భాగిస్తే గంటకి దాదాపు 16 చక్రాలు. శోషణ 1 దాటాక రాసిన అంకెలు లెక్కలోకి తీసుకోవద్దు, మొదటి సరళరేఖ భాగమే వాలు.

పక్కనే మూడు ఖాళీ పరీక్షలు పెట్టకపోతే ఈ అంకెకి అర్థం లేదు. ఒకటి, డీటీబీసీ ఒక్కటే. రెండు, లిగాండ్ ఒక్కటే. మూడు, అదే రాగి గాఢతలో కాపర్ ఎసిటేట్ ఒక్కటే. మూడోది ఎక్కువమంది ఎగ్గొడతారు, ఎందుకంటే ఉత్త కాపర్ ఎసిటేటే కొంత పని చేస్తుంది, అప్పుడు కష్టపడి చేసిన కాంప్లెక్సు గొప్పతనం సగానికి పడిపోతుంది. పడిపోతే పడిపోనివ్వండి. క్యూవెట్ సబ్బుతో కడిగి సరిగా జాడించకపోయినా, లిగాండ్ తయారీలో ట్రైఇథైలమీన్ వాడి కాంప్లెక్సుని బాగా కడగకపోయినా క్షారం మిగిలి డీటీబీసీ దానంతటదే గాలికి ఆక్సీకరణ చెందుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ల్యాబు 35 డిగ్రీలుంటే ఉదయం చేసిన అంకెతో పోల్చొద్దు. వాటర్ బాత్ లేకపోతే కనీసం ప్రతి అంకె పక్కనా ఉష్ణోగ్రత రాయండి.

క్యూవెట్లు కొట్టులో రెండు రకాలు. గాజువి 400 దగ్గర పనికి చాలు, క్వార్ట్జ్ అక్కర్లేదు. ప్లాస్టిక్‌వి మిథనాల్‌కి తట్టుకుంటాయి గాని డీఎంఎఫ్ అనే ద్రావణి పోస్తే కరిగిపోతాయి, ఎసిటోనైట్రైల్ పోస్తే మసకబారతాయి. కొట్టు కుర్రాడికి ఈ తేడా తెలియదు, అడిగితే రెండూ ఒకటే అంటాడు.

కాటికోలేజ్ చర్యలో ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిందో లేదో చూసే అయొడైడ్ పరీక్షకి ఇక్కడి పొటాషియం అయొడైడ్ సరిపోతుంది, పలుకులు తెల్లగా ఉంటే. గంట చర్య అయ్యాక అంతే పరిమాణం నీళ్ళు పోసి, గంధకామ్లంతో పీహెచ్ 2కి తెచ్చి, డైక్లోరోమీథేన్‌తో మూడుసార్లు క్వినోన్ తీసేయాలి. నీటి పొరలో ఒక మి.లీ.కి 10 శాతం అయొడైడ్ ఒక మి.లీ., అమోనియం మాలిబ్డేట్ మూడు చుక్కలు. 353 నానోమీటర్ల దగ్గర ట్రైఅయొడైడ్ కనబడుతుంది, గుణకం 26,000. అయొడైడ్ ద్రావణం అప్పటికప్పుడు కలపాలి. నిన్నటి ద్రావణం పసుపెక్కి ఉత్తినే పెరాక్సైడ్ ఉందని చెబుతుంది.

స్పెక్ట్రోఫోటోమీటర్ బల్బు మార్చడం, మరమ్మతు కూడా చేయిస్తారు. మనిషి వచ్చి వెళ్ళాక పలచటి పర్మాంగనేట్ ద్రావణం పెట్టి చూడండి. 525, 545 దగ్గర రెండు శిఖరాలు రావాలి. అవి పక్కకి జరిగి ఉంటే తరంగదైర్ఘ్యం సరి చేయించుకోండి, డబ్బు ఇచ్చేముందే. రెండూ కలిసిపోయి ఒకే మొద్దు గుట్టలా కనిపిస్తే అది మరమ్మతు లోపం కాదు, ఆ మెషీన్ బ్యాండ్ వెడల్పే అంత.

గుణుపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళు మిథనాల్ సీసాని నౌపడా రైలెక్కించి తీసుకుపోదామనుకోవద్దు, మండే ద్రవాలు రైల్లో తీసుకెళ్ళడం నేరం. కొట్టు వాళ్ళు ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తారు, రంపపు పొట్టు పోసిన చెక్కపెట్టెలో. ఆ ప్యాకింగ్ నిజంగా గట్టిది. ఠాకురాణీ యాత్ర (బరంపురం ఊరి జాతర) జరిగే ఏడాది చైత్రంలో మాత్రం వీధులు కిక్కిరిసి పార్సిలు ఆలస్యమవుతుంది, ప్రాజెక్టు గడువుకి ముందే చెప్పుకోవాలి.

లవణాల డబ్బాలు వచ్చిన రోజే మూతకి పారాఫిల్మ్ చుట్టి డెసికేటర్లో పెట్టండి. పారాఫిల్మ్ అడుగుల లెక్కన కోసిస్తారు. డెసికేటర్లోకి నీలం సిలికా జెల్ అడిగితే అప్పటికే గులాబీ తిరిగినదే సంచిలో పోస్తారు, ధర మాత్రం నీలానిదే. గొడవ పడకుండా తెచ్చుకుని 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు పెడితే నీలం తిరిగొస్తుంది.